తాళం వేసిన గదిలో సారు

మార్చురీ పక్క గదిలో కూర్చుని అన్నం తిన్నదాన్ని నేను. నర్సు ట్రైనింగులో అదేమంత పెద్ద విషయం కాదు. పోయినవాళ్లు తిరిగొస్తారని ఎవరైనా చెబితే నవ్వేసేదాన్ని. ఇప్పటికీ దయ్యం అన్న మాట నా నోట రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది కడప దగ్గర పల్లె. తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేరాను. ఆశ్రమమంటే కిరాయికి తీసుకున్న మేడ ఇల్లు. పదకొండు మంది పెద్దవాళ్లు. దగ్గర్లోనే కంపెనీల బిల్డింగుల కోసం బండలు పేల్చేవారు. ఆ చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరేవి.

మేడ మీద గదిలో రామచంద్రయ్య సారు ఉండేవారు. లెక్కల టీచరుగా రిటైరయ్యారు. పక్షవాతంతో కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. అలాంటి మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. ఆ పుండ్లు ముదిరితే ప్రాణానికే ముప్పు.

తిప్పే పని యాదమ్మది. నానక్‌రామ్‌గూడ నుంచి వచ్చే ఆయమ్మ, యాభై దాటిన మనిషి. "సారూ, ఇగ అటు దిక్కు చూద్దమా?" అని అడిగిన తర్వాతే ఆయన ఒంటి మీద చెయ్యి వేసేది. మడమ పరుపుకు తగలకుండా, నీళ్ల బిందె కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురులాగా పాత పంచెను చుట్టి కింద పెట్టేది. నేను ఎన్నిసార్లు చుట్టినా నాది విడిపోయేది.

ఆ వేసవిలో యాదమ్మ గుండెపోటుతో పోయింది. సారు తట్టుకోలేరని, ఊరికి వెళ్లిందని చెప్పాం. ఆశ్రమం యజమాని ఆమె చోట ఇంకొకరిని పెట్టలేదు. "చూద్దాం సిస్టర్" అంటూ రెండు నెలలు గడిపేశాడు. మిగిలింది నేనూ, వంట చేసే లక్ష్మమ్మా. ఆమెకు నడుం నొప్పి, మనిషిని ఎత్తలేదు.

ఒక పొద్దున కాంతమ్మగారనే పెద్దావిడ బాత్‌రూములో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది నేనే. వెళ్లేముందు సారును వెల్లకిలా పడుకోబెట్టి, తలుపుకు బయటినుంచి తాళం వేశాను. మతిమరుపు ఉన్న ఒకాయన అంతకుముందు ఓసారి ఆ గదిలోకి వెళ్లి సారు నోట్లో ఇడ్లీ కుక్కితే ఊపిరాడక అల్లాడిపోయారు. అందుకని వేశాను. అయినా కదలలేని మనిషిని లోపల పెట్టి తాళం వేయడం తప్పే. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

గంటన్నరలో వచ్చేస్తాననుకున్నాను. కాంతమ్మగారి కొడుకు వచ్చి ఆపరేషన్‌కు సంతకం పెట్టేదాకా డాక్టర్లు నన్ను కదలనివ్వలేదు. ఆశ్రమానికి ఫోన్ చేస్తే కలవలేదు. రోడ్డు తవ్వుతూ కేబుల్ తెగ్గొట్టారట. తిరిగొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. ఆరు గంటలకు పైనే.

రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాను. తడిసిన పక్క, కమిలిపోయిన వీపు ముందే కళ్లకు కట్టాయి. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీశాను.

సారు ఎడమ పక్కకు తిరిగి కిటికీ వైపు చూస్తున్నారు. మోకాళ్ల మధ్య దిండు. పక్క పొడిగా ఉంది. తీసేసిన దుప్పటి మూలనున్న బకెట్లో నానబెట్టి ఉంది. వీపంతా చూశాను, ఎక్కడా ఎర్రటి మచ్చ కూడా లేదు. మడమ కింద చుట్టకుదురు, బిగువుగా.

"ఎవరు తిప్పినారు సార్ మిమ్మల్ని?"

ఆయన మెల్లగా మాటలు కూడబలుక్కుని అన్నారు. "యాదమ్మ... ఊరి నుంచి వచ్చిందని... చెప్పలేదేంది సిస్టర్?"

నేను మంచం పక్కనే కూలబడ్డాను. భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

కిందికొచ్చి లక్ష్మమ్మను అడిగాను. "పగటీలి జావ పట్టుకొని పోయిన సిస్టరమ్మా. తాళం ఉండె. పిలిస్తే లోపట సారు నవ్విండు. మంచిగనే ఉన్నడు గదా అని దిగొచ్చిన" అంది. యాదమ్మ పోయాక సారు నవ్వడం మేమెవరం వినలేదు.

రెండో తాళంచెవి యజమాని దగ్గర ఉంది. ఆయన ఆ రోజు ఊళ్లోనే లేడు. కిటికీకి ఇనుప చువ్వలు. సారు తనంతట తాను తిరగలేరు.

ఆదివారం నిజాంపేట నుంచి సారు కూతురు వచ్చింది. ఉద్యోగం పోయినా సరేననుకుని తాళం సంగతి, ఆరు గంటల సంగతి చెప్పేశాను. ఆమె తండ్రి వీపు తడిమి చూసుకుంది. తర్వాత అంది. "నాకు మీ మీద మస్తు కోపమొస్తోంది సిస్టర్. కానీ మీరు దాచలేదు. నాన్నను ఇక్కడే ఉంచుతా. ఇంకో మనిషిని పెట్టాల్సిందే, పదండి, ఇద్దరం పోయి అడుగుదాం."

వారం తిరక్కుండా ఇద్దరు ఆయాలు వచ్చారు. ఆ గదికి మళ్లీ తాళం పడలేదు.

సారు మాత్రం రోజూ యాదమ్మ గురించే అడిగేవారు. అబద్ధం ఇంక నా వల్ల కాలేదు. ఒకరోజు పక్కన కూర్చుని చెప్పాను. "యాదమ్మ లేదు సార్. ఎండాకాలంలోనే పోయింది."

ఎడమ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. తర్వాత, "మరి... ఆ దినం..." అని ఆగి నా వైపు చూశారు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ మాట ఇద్దరం అక్కడే వదిలేశాం.

సారు ఇంకో ఏడాది బతికారు. ఒంటి మీద ఒక్క పుండు లేకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత నేను చాలాచోట్ల పనిచేశాను, ఇలాంటిది మళ్లీ చూడలేదు. ఆ ఆరు గంటలు ఆయన దగ్గర ఉండాల్సింది నేను. నేను లేను. ఎవరున్నారో ఈ రోజుకీ నాకు తెలియదు.