ప్లానులో నిలవని గొంతు

ఆఫీసులో ఆమెను అందరూ జిరాక్సు అనేవారు. అక్క ముక్కే, అక్క నడకే, కూర్చున్నది కూడా అక్క కుర్చీలోనే. వరండాలో ఎదురుపడినవాళ్ళు ఒక్క క్షణం ఉలిక్కిపడి, ఆ తర్వాత తేరుకుని నవ్వేవారు. చనిపోయిన మనిషి చెల్లెలికి ఆ పేరు పెట్టిన మేనేజరుకు అందులో తప్పేమీ కనిపించలేదు. కొందరు నోటికొచ్చింది అనేసి, అది హాస్యమనుకుంటారు.

నిజానికి పోలికలు ముఖం వరకే. అక్క నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడేది. చెల్లెలిది గలగల. అక్క టీలో చక్కెర వేసుకునేది కాదు. చెల్లెలి కప్పు అడుగున చక్కెర కరగకుండా మిగిలిపోయేది. అక్క ఒకే ఉద్యోగాన్ని పట్టుకుని ఉంటే, చెల్లెలు కళ్ళజోళ్ళ షాపులో కొన్నాళ్ళు, ట్రావెల్స్ ఆఫీసులో కొన్నాళ్ళు చేసి, ఎక్కడా కుదురుగా ఉండలేదు. జబ్బు ముదిరాక అక్కే పట్టుబట్టి ఆమెను తన ఆఫీసులో పెట్టించింది. అక్క పోయిన దగ్గర్నుంచి అమ్మ పెద్ద కూతురి మాటే ఎత్తలేదు. గోడమీది ఫొటో తీసి బీరువాలో పెట్టేసింది. ఎందుకని అడిగే ధైర్యం చిన్నదానికి లేకపోయింది.

ఇక పని సంగతి. ఒక పెద్ద ఆసుపత్రి స్కానింగులు, రక్తపరీక్షల ఫలితాలు, మందుల వివరాలు అన్నీ క్లౌడులో ఉంటాయి. అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో, డిస్కుల్లో అన్నమాట. వాటిలో వేటికి రోజూ నకలు తీయించాలో తేల్చడం ఆమె ఉద్యోగం. ఈ నకళ్ళ ఏర్పాటునే అక్కడ ప్లాను అంటారు. డిస్కులు వందల కొద్దీ ఉన్నాయి. రోజూ కొత్తవి పుడతాయి, పాతవి పోతాయి. ఒక్కొక్కదాన్నీ చేత్తో ఏరుతూ కూర్చుంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని అక్క ఒక ప్రోగ్రాం రాసింది. అది రోజూ తెల్లవారుజామున లేచి, అన్ని డిస్కులనూ చూసి, కావలసినవాటికి 'ఉంచు' అనే చీటీ తగిలిస్తుంది. అక్కర్లేనివాటికి చీటీ ఉంటే పీకేస్తుంది. చీటీ ఉన్నవే ప్లానులోకి వస్తాయి. ప్లానులోంచి జారిపోయినవాటి పాత నకళ్ళు కూడా కొద్దిరోజుల్లో వాటంతట అవే చెరిగిపోతాయి.

ఈ పనంతా చెల్లెలికి నేర్పడానికి అక్క మంచం మీంచే పాఠాలు రికార్డు చేసింది. ప్రతి పాఠం "చూడూ..." అని మొదలయ్యేది. మధ్యలో నీళ్ళు తాగి గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించేది. చివర్లో "సరే, ఇక నువ్వు చూసుకో" అనేది. ఆ పాఠాలు ఆఫీసు తాలూకు ఒక పాత డిస్కులో ఉన్నాయి. రోగుల వివరాలు బయటికి పొక్కకూడదని అక్కడ ఫోన్లు గుమ్మం దగ్గరే పెట్టించుకుంటారు. కంప్యూటర్లోంచి ఏదీ బయటికి పోనివ్వరు. అందుకని జిరాక్సు రోజూ అందరికంటే ముందే వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏదో ఒక పాఠం వినేది. పని ఎప్పుడో వచ్చేసింది. ఆమెకు కావలసింది గొంతు. చివరి పాఠం మాత్రం వినకుండా దాచుకుంది. అది కూడా వినేస్తే అక్క కొత్తగా చెప్పేది ఇక ఏమీ ఉండదు కదా.

ఒక రోజు మేనేజరు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"జిరాక్సూ, నెలాఖరుకి పాత డిస్కులన్నీ తుడిచేస్తున్నారు. ప్లానులో ఉన్నవాటికి నకళ్ళుంటాయి కాబట్టి బెంగలేదు. లేనివాటికి ఓ దండం పెట్టెయ్" అన్నాడు.

ఆమె వెంటనే చూసుకుంది. పాఠాల డిస్కుకు చీటీ లేదు. చేత్తో 'ఉంచు' అని తగిలించి ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు పొద్దున చూస్తే చీటీ లేదు. సరిగా సేవ్ చేయలేదేమో అనుకుని మళ్ళీ తగిలించింది. ఆ మర్నాడూ లేదు. ఎవరో కావాలని తన పనిలో వేలు పెడుతున్నారని కోపమొచ్చింది. చీటీ పీకిందెవరో ఆరా తీస్తే, తెరమీద కనిపించింది అక్క పేరు. అంతకు ముందు రోజు పీకింది కూడా అక్కే.

ఆమె కంగారుగా వెళ్ళి మేనేజరును పిలిచి చూపిస్తే ఆయన తల గోక్కున్నాడు.

"ప్రోగ్రాం ఇంకా ఆవిడ పేరు మీదే నడుస్తోందమ్మా. మార్చడం మర్చిపోయాం. దానికెందుకంత కంగారు?"

కంగారు సగమే తగ్గింది. ప్రోగ్రాం తెరిచి చూస్తే, పాఠాల డిస్కుకు చీటీ ఉంటే పీకెయ్యమని ప్రత్యేకంగా ఒక వరుస రాసి ఉంది. వందల డిస్కుల్లో అలా విడిగా పేరు పెట్టి వద్దన్నది ఆ ఒక్కదాన్నే. ఆమె ఆ వరుస చెరిపేసింది. పొద్దున్న వచ్చేసరికి ఆ వరుస మళ్ళీ అక్కడే ఉంది. ఎవరైనా చెయ్యి పెడితే, తన పాత నకలు తెచ్చుకుని తనను తాను సరిచేసుకునేలా అక్క ఆ ప్రోగ్రామును కట్టింది. కారణం తెలిశాక భయం పోవాలి. ఆమెకు పోలేదు. గదిలో ఎవరో వెనక నిలబడి వద్దు వద్దు అంటున్నట్టే ఉంది.

పట్టుదలకు పోయి, ఆ సాయంత్రం ఇంటికెళ్ళేముందు ప్రోగ్రామునే ఆపేసింది.

మర్నాడు పాఠాల డిస్కు చీటీ చెక్కుచెదరలేదు. ఆమె ఇంకా సంతోషంలో ఉండగానే బల్లమీది ఆఫీసు ఫోనుకు స్కానింగు సెంటరు టెక్నీషియను నుంచి కాల్ వచ్చింది.

"మేడం, నిన్న పెట్టిన కొత్త డిస్కు తెరుచుకోవట్లేదు. పేషెంట్లు బయట కూర్చున్నారు. నకలుందిగా?"

ఆమె వెతికి చూసింది. నకలు లేదు. ప్రోగ్రాం లేవలేదు కాబట్టి కొత్త డిస్కుకు చీటీ పెట్టినవాళ్ళే లేరు. ఎవరి మెదడులో గడ్డ ఉందో, ఎవరి ఎముక విరిగిందో, ఆ బొమ్మలన్నీ ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. కాసేపటికి డిస్కు దానంతటదే తెరుచుకుంది కాబట్టి సరిపోయింది. అక్క గొంతు మిగలాలంటే అక్క చేసిన పని ఆగిపోవాలి. రెండూ కావాలంటే కుదరదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ప్రోగ్రామును మళ్ళీ నడిపించింది. చీటీ ఊడిపోయింది. ఆమె ఇక తగిలించలేదు.

నెలాఖరు రోజు పొద్దున్నే వచ్చి, దాచుకున్న చివరి పాఠం పెట్టుకుంది.

"చూడూ... ఈ పాఠాల్ని ప్లానులో కలపాలని చూస్తావు నువ్వు. ఒకసారితో ఊరుకోవు, నాకు తెలుసు. వరుస చెరిపేస్తావు. ప్రోగ్రాం కూడా ఆపేస్తావు. స్కానింగు వాళ్ళ దగ్గర్నుంచి ఫోనొస్తే గానీ నీకు బుద్ధి రాదు."

హెడ్‌ఫోన్లలో గ్లాసు చప్పుడైంది. ఆ తర్వాత చాలాసేపు ఊపిరి ఒక్కటే వినిపించింది.

"నా గొంతు వద్దే. వింటూ కూర్చుంటావు. సరే, ఇక నువ్వు చూసుకో."

ఆ సాయంత్రమే డిస్కు తుడిచేశారు. ఆమె బాత్రూములోకెళ్ళి, కుళాయి తిప్పి, వెక్కి వెక్కి ఏడ్చింది.

కొన్నాళ్ళకు పనిలోకి ఒక కొత్తమ్మాయి చేరింది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి జిరాక్సు ఇంటికి ఫోన్ చేసింది. చీటీల సంగతి ఒక పట్టాన అర్థం కావట్లేదట. జిరాక్సు మంచం మీద కూర్చుని, కిటికీలోంచి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఆగి ఆగి, నెమ్మదిగా చెప్పింది. మధ్యలో గొంతు తడారితే నీళ్ళు తాగి గ్లాసు బల్లమీద పెట్టింది. అంతా అయ్యాక "సరే, ఇక నువ్వు చూసుకో" అని ఫోన్ పెట్టేసింది.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"పెద్దదానా, టీ పెట్టాను. నీకు చక్కెర వెయ్యలేదులే."

అక్క పోయాక ఆ పిలుపు ఆ ఇంట్లో వినిపించడం అదే మొదటిసారి. అమ్మ కప్పు పట్టుకుని గుమ్మంలోకొచ్చి, మంచం మీదున్నది ఎవరో చూసి, అక్కడే నిలబడిపోయింది.

"ఇప్పటిదాకా మాట్లాడింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"అలాగా. ఉండు, చక్కెర వేసి తెస్తా."

ఆమె లేచి అమ్మ చేతిలోంచి కప్పు తీసుకుని ఒక గుక్క తాగింది. చేదుగా ఉంటుందని ముఖం చిట్లించడానికి సిద్ధపడింది గానీ, ఆ అవసరం రాలేదు.

"వద్దమ్మా" అంది, ఆగి, నెమ్మదిగా. "నాకిలాగే బాగుంది."