తెల్ల పొటాష్

2022 ఖరీఫ్‌లో నేను ఆదోని వైపు ఒక మండలానికి వ్యవసాయాధికారిని. రిటైర్మెంటు దగ్గర పడింది, ఇంక కొత్తగా చూడాల్సిందేమీ లేదనుకునేదాన్ని. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజు కూడా టీవీ కట్టేసి హాయిగా నిద్రపోయాను.

మిరపకాయ గట్టిపడాలంటే పొటాష్ ఎరువు కావాలి. అది మనకు ఓడల మీదే రావాలి. మా రైతులు ఎరిగిన ఎర్ర పొటాష్ ఎక్కువగా రష్యా, బెలారస్‌ల నుంచి వచ్చేది. ఆంక్షలతో ఆ దారి మూసుకుపోయింది, ధర మండిపోయింది. మిరప కాయపట్టే వేళకు మండలంలో ఒక్క బస్తా లేదు. జిల్లా ఆఫీసుకు ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు, ఓడ రావాలని. ఎన్నడూ చూడని రేవు గురించి నాకు నిద్ర కరువైంది.

చివరకు ఒక లోడు దిగింది. మృత సముద్రం వైపు కొన్న సరుకు, తెల్లగా ఉంది. పాతదాని ఎరుపు, గనిలో అంటిన ఇనుము మరక మాత్రమే, లోపలి సత్తువ రెండింటిలోనూ ఒకటే. కానీ అది పుస్తకం మాట. డీలరు మస్తాన్ వలి మొదటి బస్తా విప్పగానే, పొలం కౌలుకు తీసుకుని మిరప పెట్టిన ఈరన్న చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పప్పా ఇది! ఎప్పుడూ ఎర్రగుంటాది గదా? మమ్మల్ని ముంచనీకె తెచ్చినాడు!"

క్షణాల్లో జనం మూగారు. ఒకరిద్దరి చేతుల్లో రాళ్ళు కూడా చూశాను. అనుమానం వస్తే అమ్మకం ఆపాలి, నమూనా మూడు భాగాలు చేసి సీలు వేయాలి: ఒకటి ల్యాబుకు, ఒకటి డీలరుకు, ఒకటి మాకు. అందరి ఎదుటే వేశాను. గోడౌన్ తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న చోట మళ్ళీ గొడవ. నా దగ్గరుంటే, మంచిదని తేలగానే లోడు పక్క మండలానికి పోతుందన్నారు. నన్నూ దొంగల్లో కలిపేసరికి ఒళ్ళు మండింది.

మస్తాన్ వలి తాళంచెవి తీసి ఈరన్న చేతిలోనే పెట్టాడు. "నువ్వే పెట్టుకో ఈరన్నా. ఉప్పని తేలినా, కాదని తేలినా నువ్వే తెరువు."

నమూనా నేనే కర్నూలుకు తీసుకుపోయి, ముందుగా చూడమని ల్యాబువాళ్ళను బతిమాలాను. రోజులు గడిచేకొద్దీ ఈరన్న చేలో పొటాష్ అందక ఆకుల అంచులు మాడుతున్నాయి. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఆఫీసు అరుగు మీద కూర్చునేవాడు. సరుకు చెడ్డదైతే మస్తాన్ వలి ఆ ఊళ్ళో తలెత్తుకోలేడు. మంచిదై రిపోర్టు ఆలస్యమైతే ఈరన్న పంట పోతుంది. నాకు రెండు భయాలూ సమానంగా ఉండేవి.

రిపోర్టు వచ్చింది. పొటాషే, మేలైనదే. ఈరన్న తాళం తీశాడు. క్షమాపణ చెప్పలేదు, మస్తాన్ వలీ అడగలేదు. మొదటి బస్తా ఈరన్నే భుజానికెత్తుకుని నా వైపు తిరిగాడు.

"మేడమ్, వచ్చేసారి ఏ రంగుదొస్తాది?"

నాకు తెలియదన్నాను. మా జిల్లా ఆఫీసుకూ తెలియదు. అతనికి మొదటి కోత పోయింది, తర్వాతి కోతలు దక్కాయి.

సరుకు కంటే ముందు దాని కబురు ఊరికి చేరాలని అప్పుడు నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా, కొత్త లోడు వస్తుందంటే ముందే గుప్పెడు తెప్పించి ఊరూరా చూపించాను. అందరి ముందూ నేనే నాలుక మీద వేసుకునేదాన్ని. పొటాష్ నిజంగానే ఉప్పగా ఉంటుంది, కాస్త చేదు కూడా.