తీతు చూసిన గోధుమరంగు

ఎల్బీ నగర్‌లో ఒక ఫార్మసీ కాలేజీ. అందులో ఎలుకల గది చూసుకునే తీతుకు సూది అంటే చచ్చేంత భయం. పైగా షుగరు. కాలి పుండు మానడం లేదు, ఇన్సులిన్ మొదలుపెట్టకపోతే పాదం దక్కదని దవాఖానలో తేల్చి చెప్పారు. ఈయన కాకరకాయ రసం తాగుతూ మొండికేశాడు. ఇన్సులిన్ దాకా వచ్చారంటే ఇక అంతేనని దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఎవరో మహానుభావుడు చెప్పాడట. అసలు బాధ వేరే. నోరు కట్టుకోలేక తానే తెచ్చుకున్న రోగమని, దేవుడు వేసిన శిక్షని తీతు నమ్మకం. అందుకే చర్చిలో ప్రార్థన చేయమని కూడా అడగలేదు.

ఆ గదిలో కొన్ని ఎలుకలు బాగున్నవి, కొన్ని పరిశోధన కోసం షుగరు తెప్పించినవి. షుగరు ఎలుకల నీళ్ల సీసాలు ఇట్టే ఖాళీ అయ్యేవి, కింద పరిచిన ఊక తడిసి ముద్దయ్యేది. తీతు విసుక్కోకుండా మార్చేవాడు. "ఇవి మా చుట్టాలు మేడం," అనేవాడు.

కుంటుతూ వచ్చిన ఆయన్ని చూసి, పరిశోధన చేసే సంధ్యారాణి ఒకరోజు మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

"తీతన్నా, జర గీడ కన్ను పెట్టు. ఇది మంచి ఎలుకను కోసి తీసిన క్లోమం ముక్క. మేం రంగు ఏస్తే ఇన్సులిన్ ఉన్న కాడ గోధుమరంగు వస్తది."

గుండ్రటి కణాల గుంపు నిండా రంగే. ఆమె స్లైడు మార్చింది. ఈసారి అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. మిగతాదంతా వెలవెలబోతోంది.

"గిది మా చుట్టమా?"

"అవునన్నా."

"గిదేం తిన్నది మేడం? అన్నిటికీ నేనే ఒక్కతీరు దాణా పెట్టిన గదా."

"తిండితోని కాదు. మేమే మందు ఇచ్చి ఆ కణాలు పోగొట్టినం. దాని తప్పేం లేదు."

"మరి నాది?"

"నీకు వేరే తీరుగ వచ్చింది. కానీ లోపల కరువు గదే. లేనిదాన్ని బయట్నుంచి సూదితోని ఇచ్చుడే అన్నా, గంతే."

తీతు కన్ను తీయలేదు. ఏడుస్తున్నాడని ఆమెకు కాసేపటికి గాని తెలియలేదు.

ఆ సాయంత్రం భార్య సారమ్మ చేతికి సూది ఇచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని పొట్ట చూపించాడు. "అయిపోయింది," అని ఆమె అంటే నమ్మలేదు.

కొన్ని నెలలకు పుండు మానింది. కర్మన్‌ఘాట్ చర్చిలో సాక్ష్యాలు చెప్పే ఆదివారం, ఒకరు కొడుకు ఉద్యోగానికి, ఒకరు ప్లాటు రిజిస్ట్రేషన్‌కు స్తోత్రం చెప్పారు. తీతు లేచి నిలబడ్డాడు.

"నా పాదం నిలిపిన ప్రభువుకు స్తోత్రం. నా కళ్లు తెరిపించనీకి పాణమిచ్చిన ఎలుక ఒకటున్నది..." మానిన పాదం వైపు చూసుకున్నాడు. "నా చేతితోనే నీళ్లు తాపిన. దానికి గూడ వందనాలు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడవాళ్ల వైపు నుంచి సారమ్మ ఒక్కతే గట్టిగా "ఆమెన్" అంది.