తూకం కలవని పిస్టన్

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా పోయాక ట్రాక్టరు నేనే తోలడం మొదలుపెట్టాను. జవళగేరలో మాకున్నది ఆరెకరాల వరి. ఆ ఏడు సరిగ్గా దమ్ము చెయ్యాల్సిన వారంలో ఇంజను పొగ కక్కుతూ ఆగిపోయింది. కాలువ నీళ్ళు మా చేలకు వచ్చేది అయిదు రోజులే. నారు అప్పటికే ముదురుతోంది.

సింధనూరు షెడ్డులో మేస్త్రీ ఇంజను విప్పి, మూడు పిస్టన్లూ అరిగాయి, కొత్తవి తెమ్మన్నాడు. దుకాణంలో ఒక కంపెనీవి రెండే ఉన్నాయి. మూడోది వేరే కంపెనీది ఇచ్చి, "సైజు ఒకటేనమ్మా" అన్నాడు దుకాణదారు. తెచ్చేశాను.

మా ఆయన షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు ఆ బండి పనులన్నీ తనే చేసుకున్న మనిషి. పిస్టన్లు చూడగానే ఎడమ అరచేతిని పైకీ కిందికీ ఆడించాడు, ఏదో తూచినట్టు.

"ధాన్యం తూకాల సంగతి ఇప్పుడెందుకండీ? ముందు నాట్లు పడనివ్వండి" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అలాగే చేశాడు. నాకు అర్థం కాలేదు. టీ తెచ్చి ఇస్తే తాగలేదు.

మర్నాడు సాయంత్రం ఇంజను బిగించి స్టార్టు చేశారు. బండి మొత్తం వణికింది.

"కొత్తది గదక్కా, మొదట్ల గిట్లనే ఉంటది" అన్నాడు మేస్త్రీ.

మా ఆయన గోడ పట్టుకుని లేచాడు. తుక్కులోంచి పాత పిస్టన్ ఒకటి తీసి మేస్త్రీ చేతిలో పెట్టి, పక్కనున్న మిఠాయి కొట్టు వైపు చూపించాడు. అక్కడ కాటా ఉంది.

మేస్త్రీ ముఖం మారింది. "తూకమా అన్నా, నువ్వు జెప్పేది?"

మళ్ళీ విప్పారు. కాటా మీద పెడితే మూడో పిస్టన్ మిగతా రెండింటికన్నా నలభై గ్రాములు ఎక్కువ తూగింది.

"మూడూ ఒక్క తూకం లేకుంటే లోపల క్రాంకు ఇరుసు తిరిగేటప్పుడు గుంజులాడతది, బేరింగులు పోతయి. తూయకుండ ఏసిన, తప్పు నాదే అక్కా."

"లోపల గీకి తగ్గించలేరా?"

"రెండు మూడు గ్రాములైతే గీకుత. గింత గీకితే పగుల్తది."

ఒకే తూకం ఉన్న సెట్టు రాయచూరు నుంచి రావడానికి మూడు రోజులు పట్టింది. ఈలోగా ఊళ్ళో ఇద్దరిని ట్రాక్టరు అడిగాను. వాళ్ళవి వాళ్ళ చేలల్లోనే ఉన్నాయి. రోజూ షెడ్డుకు వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చేదాన్ని.

ఆరో రోజున ఇంజను ఏ వణుకూ లేకుండా తిరిగింది. బండి తోలుకుని చేనికి వెళ్ళేసరికి తూము మూసేశారు. మడుల్లో నిలిచిన నీటితో రెండెకరాలు దమ్ము చేశాను. మిగతా నారు నారుమడిలోనే ఎండింది. ఆ పిస్టన్ తెచ్చిన తప్పు నాదేనని ఆయనతో ఒక్కసారైనా అనాలనుకున్నాను. ఆయన గట్టు మీద కూర్చుని ఎండిన నారు పీకుతుంటే, నేనూ వెళ్ళి పక్కన పీకాను.