తెర వెనక్కి వెళ్లని రోజు

2018లో నేను గోరిమేడులో, పెద్దాసుపత్రికి వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న వర్క్‌షాప్‌లో కృత్రిమ కాళ్లు తయారుచేసేవాణ్ని. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. ఈ పని చేసేవాళ్లని ప్రోస్థెటిస్ట్ అంటారు. నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. ఒక డాక్టరు నా ఎదుటే రోగితో "పోయి ఆ కార్పెంటర్ని చూడు" అన్నాడు. ఆయన ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

ఆ ఏడాదే వసంత వచ్చింది. నటేశన్ నగర్‌లో ఇంటింటికీ దోసెపిండి ఇచ్చే మనిషి. లారీ తగిలి, ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. షుగర్ ఉంది. మాలాగే ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబం. తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీసేటప్పుడు చాలామంది ఏడుస్తారు. ఈమె ఏడవలేదు.

"గ్రైండర్ ముందర ఎప్పుడు నిలబడొచ్చు అన్నా?" అని అడిగింది.

"ముందు నేల మీద నిలబడమ్మా. గ్రైండర్ యాడికీ పోదు."

"అది పోదు. వాడుక ఇండ్లు పోతాయి."

తెగిన కాలిలో మిగిలిన భాగాన్ని మేము స్టంప్ అంటాం. అది కూర్చునే గిన్నెలాంటి తొడుగు సాకెట్. వసంతకు సాకెట్ సరిగ్గా కుదరక మూడుసార్లు చేశాను. మూడోదాన్ని ఎవరూ రమ్మనకుండానే సెలవు రోజున వచ్చి చేశాను. గోడ పట్టుకుని నడక నేర్పాను. చంకకర్రలు వదిలేసిన రోజు ఆమె వాటిని మా గోడ మేకుకు తగిలించి, "ఇంక వీటి మొగం చూడను" అని వెళ్లింది.

వాడేకొద్దీ స్టంప్ సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది. అప్పుడు స్టంప్ మీద మందపాటి సాక్సు ఒకటి తొడుక్కుని సర్దుకోవాలి. రెండు, మూడు సాక్సుల దాకా పరవాలేదు. అది దాటితే కొత్త సాకెట్ చేయాలి. లేకపోతే ఎముక మొనల మీద భారం పడి చర్మం ఒరుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ పుండు సంగతి తెలిసేసరికే ఆలస్యమవుతుంది. అందుకే ఎవరు ఎంత చిన్న మరమ్మతుకు వచ్చినా తెర వెనక కూర్చోబెట్టి, కాలు విప్పించి, సాక్సులు లెక్కపెట్టి, స్టంప్‌ను కళ్లతో చూడాలి. "బాగుంది" అన్న మాట నమ్మకూడదు. నాకు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పిన సంగతి ఇది.

వసంత వ్యాపారం పెరిగింది. సారం అనే పేటలో షెడ్డు తీసుకుని పన్నెండు మంది ఆడవాళ్లకు పని ఇచ్చింది. పేపర్లో ఫొటో వేశారు. ఆరు నెలలకోసారి చూపించుకోవాల్సిన మనిషి రావడం మానేసింది. ఫోన్ చేస్తే "వస్తా అన్నా, వస్తా" అనేది.

నాలుగేళ్ల తర్వాత సారంలోనే ఒక హాల్లో మహిళల సభ పెట్టి ఆమెను మాట్లాడమన్నారు. ఆమే ఫోన్ చేసి నన్ను రమ్మంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి నాలుగో వరసలో కూర్చున్నాను. ఆమె తమిళంలో చెప్పిన మాటలు ఇవి: "నాకు ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. నా అంతట నేనే లేచినాను. నొప్పి పుడితే ఇంకో సాక్సు వేసుకుని నిలబడతా. నొప్పి మాట విని ఉంటే ఈ రోజు నేను యాడుండేదాన్ని?"

హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఆ మాటల్ని నోట్‌బుక్‌లో రాసుకుంది.

నా చెవికెక్కింది మొదటి మాట ఒక్కటే. మూడు సాకెట్లు, ఆ సెలవు రోజు, గోడ పట్టించి నడిపించిన పొద్దులు, ఏదీ ఆమెకు చెయ్యి కాలేదు. అందరూ భోజనాలకు లేస్తుంటే నేను బస్సెక్కి వచ్చేశాను. ఇంకో సాక్సు అన్న మాట ఆ హాల్లో అర్థమయ్యే మనిషిని నేనొక్కణ్నే. దాన్ని వదిలేశాను.

రెండు నెలలకు వసంత వర్క్‌షాప్‌కు వచ్చింది. బయట ఆటో ఆపి ఉంచింది.

"పాదం లొడలొడ అంటా ఉండాది అన్నా. రొంత బిగించియ్యి."

"ఎవరి చెయ్యీ అందలేదన్నావు కదమ్మా, సభలో."

నవ్వింది. "ఏంది అన్నా. స్టేజీ ఎక్కితే నాలుగు మాటలు చెప్పాల కదా."

"చెప్పాల, చెప్పాల. కాలు విప్పియ్యి."

ఆమె తెర వెనక కూర్చుని కాలు విప్పి, సందులోంచి అందించింది. బోల్టు బిగించాను. సాకెట్ లోపలినుంచి వాసన వచ్చింది. చెమట వాసన ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి తెలిసినవాణ్ని. అది చెమట కాదు. చెమటేలే అని నాకు నేను చెప్పుకున్నాను. "నొప్పి ఏమన్నా ఉందా?" అని తెరకు ఇవతల నుంచే అడిగాను. "లేదు" అంది. కాలు తిరిగి అందించాను. తెర వెనక్కి వెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చోవడానికి ఆ రోజు నా అభిమానం ఒప్పుకోలేదు.

మూడు వారాలకు జ్వరంతో ఆసుపత్రిలో చేర్చారు. అప్పటికే పుండు ఎముక దాకా పోయింది. ఈసారి మోకాలి పైన తీసేశారు. మోకాలు ఉంటే కృత్రిమ కాలితో మెట్లెక్కుతారు, రోజంతా నిలబడి పనిచేస్తారు. అది పోతే ప్రతి అడుగూ తుంటితో ఈడ్చుకోవాలి. ఎన్ని సాకెట్లు చేసినా నేను ఆమెకు మోకాలు ఇవ్వలేను.

వార్డుకు వెళ్లాను.

"ఎన్ని సాక్సులు వేసుకుంటా ఉన్నావమ్మా?"

"ఏడు. ఎనిమిదేమో. లెక్క యాడ పెట్టినాను."

"చెప్పొచ్చు కదా."

"నేను ఎప్పుడు వచ్చినా నువ్వు తెర వెనక్కి వస్తావు, చూస్తావు, తిడతావు. ఆ పొద్దు రాలేదు. శరి, బాగుండబట్టే చూడలేదు అనుకున్నా."

ఎందుకు చూడలేదో చెప్పాను. సభలో అన్న మాట, నేను భోజనం చేయకుండా వచ్చేయడం, అన్నీ చెప్పాను.

"ఆ మాటకా అన్నా?" అంది.

ఆ తర్వాత ఇప్పటిదాకా ఆమె నాతో, బయటివాళ్లతో మాట్లాడినట్టు, తమిళంలోనే మాట్లాడుతుంది.

మరుసటి రోజు గోడ మేకు నుంచి చంకకర్రలు దించి, దుమ్ము తుడిచి, కింది రబ్బర్లు మార్చి వార్డుకు తీసుకెళ్లాను. ఎత్తు మార్చాల్సిన పని లేకపోయింది.

వసంత ఇప్పటికీ షెడ్డు నడుపుతోంది. ఎత్తు స్టూలు మీద కూర్చుని పని చేయిస్తుంది. సభలకు ఇంకా పిలుస్తారు. ఆమె నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉందని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్న అమ్మాయి ఎవరో తెలిస్తే, నొప్పి మాట వినొద్దన్న వాక్యాన్ని కొట్టేయమని చెబుతాను.

ఇక నేను నేర్చుకున్నది. "నాకు ఎవరూ చెయ్యి ఇవ్వలేదు" అన్న మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. మరిచిపోయే స్వభావం నాకు లేదు, ఈ వయసులో రాదు. అందుకని ఒక అలవాటు చేసుకున్నాను. నా మనసు నొప్పించిన మనిషి ఎవరైనా వర్క్‌షాప్‌కు వస్తే, మిగతావాళ్లను ఆపి ముందు ఆ మనిషినే తెర వెనక్కి తీసుకెళతాను. సాక్సులు రెండుసార్లు లెక్కపెడతాను.