సందుగలో సముద్రపు నక్షా

బాపు దినాలైన మర్నాడు ఆయన సందుగ తెరిచాం. కోటగిరిలో మాకున్న మూడెకరాల కాగితాలు అందులోనే ఉన్నాయని అమ్మ చెప్పింది. ఆ పొలం మధ్య గట్టు ఎక్కడుండాలో తేలక కొట్లాడి కొట్లాడి, నేనూ అన్నా నాలుగేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. ఆ రోజు కూడా సందుగకు చెరోవైపు మూతులు ముడుచుకుని కూర్చున్నాం.

ధోవతుల అడుగున గుడ్డకు అతికించిన పాత నక్షా పటం ఒకటి బయటపడింది. నిండా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న గోధుమరంగు గీతలు, పక్కన నీలం. అన్న ఒక్కసారిగా ముందుకు వంగాడు.

"గివన్నీ పొలం గట్లేరా! నీలంది కాలువ. బాపుకు మనకు చెప్పని భూమి ఉన్నట్టుంది."

నాలుగేళ్ల తర్వాత అన్న నాతో మాట్లాడిన మొదటి మాట అది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ నమ్మాను. మా ఇళ్లలో నక్షా అంటే పొలానిదే. ఇద్దరం ఒకే బండి మీద నిజామాబాద్ పోయి, అక్కడి కంఠేశ్వర్‌లో ఉండే ఒక రిటైర్డ్ సర్వేయర్‌కు చూపించాం.

ఆయన నవ్వాడు. "ఇవి గట్లు గావు, నేల ఎత్తు జూపేటియి. గీతలు గింత దగ్గరగున్నయంటే నిట్టనిలువు రాళ్లు. నీలంది సముద్రం. ఊరు లేదు, తొవ్వ లేదు. ఎవ్వలుంటరు ఈడ?"

పేరున్న మూల చినిగిపోయింది. ఏ దేశమో ఆయనకూ తెలియలేదు.

బాపు బతుకంతా బోధన్‌ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలినవాడు, సముద్రం మొహం చూడనివాడు. ఈ రాళ్ల ఒడ్డు ఆయనకెందుకు? ఎవరిచ్చారు? పోనీ, పనికిరాని కాగితమైతే ధోవతుల కింద అంత భద్రంగా ఎందుకు పెట్టుకున్నాడు?

ఇంటికొచ్చి అమ్మనడిగాం. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది.

"ఏడికెల్లి తెచ్చిండో నాకెర్క లేదు. మీరిద్దరు గట్టు కాడ కొట్లాడిననాడల్లా తీసి సూస్తుండె. 'ఈడ ఎవ్వల గట్టు లేదే, ఈడికి పోయి పండుకోవాలె' అనేటోడు."

బాపు మా నుంచి పారిపోవాలనుకున్నాడు. మనిషి నిలబడలేని రాళ్లైనా సరే, మేం లేకుంటే చాలనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అన్న నా వైపు చూడకుండా, "తమ్మీ, గట్టు ఏడ పెడదామంటవ్?" అన్నాడు.

జానెడు జాగా కోసం ఊరంతా వినేలా అరిచిన నేను, నక్షాను మడిచి మళ్లీ ధోవతుల కిందే పెట్టాను. ఆ మాట మేం ఒకరినొకరం అడగాల్సింది బాపు ఉండగా.