మడమ మాట విన్న గుర్రం

మోకాళ్ల నొప్పులకని మొన్న దవాఖానకు పోతే, అక్కడ కసరత్తులు చేయించే అమ్మాయి నా మడమను అరచేతిలో పట్టుకుని గట్టిగా నొక్కమంది, నొక్కాక ఈ వయసులో ఇంత బలమెక్కడిదని నవ్వింది. ఏళ్ల తరబడి కూర్చుని బీడీలు చుట్టి మోకాళ్లు పోగొట్టుకున్నాను గానీ, మడమల్లో ఆ బలం ఒక గుర్రం పెట్టిపోయింది.

ఎనభైల చివర్లో మా బాపు హైదరాబాద్‌లో గుర్రపు పోలీసు కొలువు చాలించి, ఒక ఎర్ర ఆడగుర్రాన్ని వెంటబెట్టుకుని ఆర్మూర్ వచ్చాడు. నడుము దెబ్బతిని తాను ఎక్కలేడు గనుక నన్ను ఎక్కించాడు. పెళ్లికావలసిన పిల్లకు ఇదేం పోయేకాలమని మేనత్త చాన్నాళ్లు మాతో మాట్లాడలేదు. పసుపు మార్కెట్‌కు పోయాక ఖాళీ అయ్యే కల్లాలు ఎంత చదునుగా ఉండేవో మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడ నిలబడి బాపు నాకు చెప్తే, నేను మడమతో గుర్రానికి చెప్పేదాన్ని. ఎడమ మడమ ఒత్తితే అది కాలు మీదుగా కాలు వేస్తూ కుడికి అడ్డంగా జరగాలి, కుడిది ఒత్తితే ఎడమకు. అది కుదిరాక దౌడు. దౌడులో ముందు పడే కాలును, నాలుగు కాళ్లూ గాలిలో ఉన్న రెప్పపాటులోనే మార్చుకోవాలి. మొదటిసారి అది మార్చుకున్న రోజు నా ఒళ్లు తేలిపోయింది, బాపు కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత బాపు మంచాన పడ్డాడు. దాన్ని సాకడం మా వల్ల కాక, కొట్టనని మాట తీసుకుని, పెళ్లిళ్ల బ్యాండాయనకు ఇచ్చాం.

ఆ ఎండాకాలమే మా వాడలో ఒక బారాత్‌లో దాన్ని చూశాను. డప్పుల మోతకు పెళ్లికొడుకు బెదిరి ఎడమ మడమను దాని డొక్కకు అదిమిపెట్టాడు. అది బుద్ధిగా కుడికి జరిగింది. అతను ఇంకా అదిమాడు, అది ఇంకా జరిగి ఆడవాళ్ల మీదికి పోయింది. పొగరెక్కిందని బ్యాండాయన కొరడా తీశాడు. "మడమ తియ్యమను అన్నా, అదే నిలబడ్తది" అని నేను మొత్తుకున్నా ఆ మోతలో ఎవరికీ వినబడలేదు.

ఇంటికొచ్చి చెబితే బాపు ఒకటే అడిగాడు.

"ఏ మడమ ఒత్తిండు బిడ్డా?"

"ఎడమది."

"మరి గది కుడికే గదా పోవాలె. మనం గట్లనే నేర్పితిమి."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వానాకాలం దాటలేదు.

ఇప్పుడు ఆ కల్లాలన్నీ ఇళ్లయ్యాయి, పెళ్లికొడుకులు పూలు కట్టిన కార్లలో వస్తున్నారు. గుర్రాలకు దెబ్బలు తప్పాయి, మంచిదే. కానీ మెల్లగా చెప్పినా వినే ఒక ప్రాణి మా ఊళ్లో ఉండేదని, విన్నందుకే అది దెబ్బలు తిన్నదని, నేను పోయాక చెప్పుకునేవాళ్లు ఎవరూ ఉండరు.